వేడినీళ్ళలో వేసి చూడమన్నాను

బౌల్డర్ ఓపల్ అనే రంగురాయిని ఎలా చూడాలో, కొనేటప్పుడు ఏం గమనించాలో నాలుగు ముక్కలు రాసివ్వమని నేను పనిచేసిన కొట్లో కొత్తగా చేరిన పిల్లలు మూడుసార్లు ఫోను చేశారు. నాకు ఓపిక లేదర్రా అన్నాను. వినలేదు. సరే, రాస్తున్నాను. అయితే ఆ రాయి గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఒక మనిషికి అన్యాయం చేసి నేర్చుకున్నవి. అది దాచిపెట్టి రాయి సంగతి మాత్రం రాయడం నాకు చేతకాదు. విసుగనిపిస్తే మధ్యలో ఆపేయండి, నేనేమీ అనుకోను.

అమలాపురంలో ఒక బంగారం కొట్లో నలభై ఏళ్ళకు దగ్గరగా పనిచేశాను. లోపలి గదిలో కిటికీ పక్కన నా కుర్చీ. నా పని రాళ్ళు చూడటం. అది కెంపో గాజో, పగడమో ప్లాస్టిక్కో చూసి చెప్పాలి. నేను ఔనంటే షావుకారు కొనేవారు, కాదంటే తిప్పి పంపేసేవారు. బళ్ళో ఒక్కరోజు పాఠం చెప్పకపోయినా ఊళ్ళో నన్ను మాస్టారనే పిలిచేవారు. ఆ పిలుపు నా తలకెక్కి కూర్చుందని ఇప్పుడు తెలుస్తోంది కానీ అప్పుడు తెలియలేదు.

నాకు పని నేర్పిన పెద్దాయన పాత నగలు చూసి పెరిగినవాడు. మన వైపు పాత నగల్లో రాయి కింద లక్క పోసి, మెరుపు కోసం రేకు పెట్టేవారు. మోసాలన్నీ ఆ రేకు చాటునే జరిగేవి. అందుకని ఆయన నాకు ఒక్క సూత్రం నూరిపోశాడు. పైన ఒక రాయి, కింద ఇంకో రాయి కనిపిస్తే అది అతుకు. అనుమానం ఉంటే వేడినీళ్ళలో పడెయ్, లక్కయినా జిగురయినా వదిలేస్తుంది. ముప్పై ఏళ్ళపైన ఆ సూత్రం పట్టుకుని ఒక్క రాయి దగ్గర కూడా తప్పు పోలేదు. అలా ఒక్కసారి కూడా తప్పు పోకపోవడం అంత మంచిది కాదని నాకెవరూ చెప్పలేదు.

ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు, బేరాలు లేవు. బయట వాన. మా వెండి కౌంటరు చూసే ఆవిడా నేనూ తప్ప కొట్లో మాట్లాడే మనిషి లేడు. ఆవిడ పదేళ్ళుగా మా దగ్గర పనిచేస్తోంది, నెమ్మదస్తురాలు, ఖాళీ దొరికితే ఫోను చూస్తూ కూర్చుంటుంది. అది నాకు కిట్టేది కాదు. కొట్లో కూర్చుని ఫోనేంటని సణుగుతూ ఉండేవాణ్ణి.

అప్పుడు ఒకావిడ గొడుగు మడిచి లోపలికి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. మెడలో సన్నటి గొలుసు, దానికి చిన్న శిలువ. దిద్దుల మర అరిగిపోయిందని బాగుచేయించుకోవడానికి వచ్చింది. ఆ పని చీటీ రాయించుకుని, కాసేపు అటూ ఇటూ చూసి, నా గది గుమ్మం దగ్గర నిలబడింది.

"రాళ్ళు చూసేది మీరేనాండీ?"

"నేనేనమ్మా. కూర్చోండి."

సంచీలోంచి కాగితం పొట్లం తీసింది. ఒక మడత, ఇంకో మడత, లోపల దూది. దూదిలో రాయి. చింతగింజకి రెట్టింపు ఉంటుంది. గుండ్రమూ కాదు, కోలా కాదు, ఒక పక్క సొట్ట. పైన నీలం, ఆకుపచ్చ. కాస్త కదిపితే అడుగునుంచి ఎర్రటి నిప్పు పాకుతోంది. కిందివైపు మాత్రం తుప్పు పట్టిన ఇనుము రంగులో మొరటు రాయి. పైన వేలాడేసుకోవడానికి చిన్న బంగారు కొక్కెం.

"శుక్రుడికా అమ్మా?" అన్నాను. ఓపల్ పట్టుకుని వచ్చేవాళ్ళందరూ జాతకం చూపించుకుని వచ్చేవాళ్ళే.

"మాకు గ్రహాలూ అవీ లేవండీ, మేం చర్చికెళ్తాం. ఇది నిజమైందో కాదో చెప్తే చాలండీ."

"అమ్ముతారా?"

"అమ్మనండీ." అంది. తర్వాత తనే చెప్పుకొచ్చింది. "కువైట్‌లో పదకొండేళ్ళు ఒక పెద్దావిడని చూసుకున్నానండీ. నడవలేరు ఆవిడ. స్నానం, తిండి, మందులు, అన్నీ నేనే. నేను వచ్చేసే రోజున ఆవిడ మెడలోంచి తీసి నా చేతిలో పెట్టేరు. మా అమ్మ పోయేక నన్ను కూతురా అన్నది ఆవిడొక్కరేనండీ. ఇంటికొచ్చి చూపిస్తే మా తోడికోడలు నవ్వింది. పనిమనిషికి నిజమైంది ఎవరిస్తారే, రంగు పెంకు ఇచ్చి పంపించేసుంటారు అంది. అప్పట్నుంచి నాకు మనసులో మనసు లేదండీ. దీని రేటెంతో నాకక్కర్లేదు. ఆవిడ నన్ను ఏమనుకుని ఇచ్చేరో తెలియాలండీ."

అంటే నేను రాయి గురించి చెప్పే మాట ఆ పదకొండేళ్ళకీ చెప్పే మాట. అది నాకు అర్థం కాకపోలేదు. అర్థమయ్యాకే రాయి చేతిలోకి తీసుకున్నాను.

భూతద్దం కంటికి పెట్టుకుని పక్కకి తిప్పి చూశాను. రంగు పొర వేరు, అడుగు రాయి వేరు, స్పష్టంగా కనిపిస్తున్నాయి. రెండూ కలిసేచోట గీత వంకర టింకరగా పోయింది. ఒకచోట రంగు పొర లావుగా, ఇంకోచోట దారమంత సన్నగా ఉంది. ఎవడో పని చేతకానివాడు అతికించాడు అనుకున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆ వంకరే అది నిజమైన రాయి అనడానికి సాక్ష్యం. నా కళ్ళు దాన్ని సరిగ్గానే చూశాయి, నా బుర్రే తప్పు చదివింది.

ఇంతలో వెండి కౌంటరు ఆవిడ గుమ్మం దాకా వచ్చి, ఫోను నా వైపు చాపింది.

"మాస్టారూ, ఇలాంటిదే ఇందులో ఉందండీ. బౌల్డర్ ఓపల్ అంటున్నారు. రాయితో పాటే పుడుతుందంట."

"ఫోను చూసి రాయి చెప్పే రోజులొచ్చాయా? వెళ్ళి మీ కౌంటరు చూసుకోండి," అన్నాను. పరాయి మనిషి ముందు అన్నాను. ఆవిడ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది.

అప్పుడు నాకు మూడు దారులున్నాయి. నాకు తెలియదమ్మా అనొచ్చు. హైదరాబాదు ల్యాబ్‌కి పంపితే సర్టిఫికెట్ ఇస్తారు, పది రోజులు ఆగండి అనొచ్చు. ఆ ఫోను ఒక్కసారి చూడొచ్చు. నేను ఓపల్స్ చూసింది చాలా తక్కువ, అవీ తెల్లటివి. అడుగున బండరాయి ఉన్న ఓపల్‌ని నా సర్వీసు మొత్తంలో చూడలేదు. చూడలేదని నోరు విప్పి చెప్పడానికి మాస్టారికి నామోషీ అయింది.

"అతికించిందమ్మా ఇది. పైన పలచటి పెంకు, కింద మామూలు రాయి," అన్నాను.

రాయి తెచ్చినావిడ దాని వంక చూసింది. "చూసే చెప్పేరాండీ?" అంది మెల్లగా.

అక్కడితో ఆగినా సరిపోయేది. నా మాటకి ఎదురు ప్రశ్న వచ్చేసరికి చిర్రెత్తింది. "నమ్మకం లేకపోతే ఇంటికెళ్ళి బాగా మరిగిన నీళ్ళలో వేసి చూడండి. అదే ఊడొస్తుంది," అన్నాను.

"ఆయ్. చెప్పేరు కదండీ, చాలండీ," అని లేచింది. చూసినందుకు ఏమివ్వాలని అడిగింది. దీనికేం తీసుకుంటామమ్మా అన్నాను, పెద్ద మనసున్నవాడిలా. దూదీ కాగితం బల్ల మీదే వదిలేసి, రాయిని బస్సు చిల్లరతో పాటు పర్సులో పడేసుకుని వానలోకి వెళ్ళిపోయింది. నాలుగు రోజుల తర్వాత దిద్దులకి కూడా ఆవిడ రాలేదు, ఇంకెవరినో పంపింది.

నెల తిరిగాక జైపూర్ నుంచి రాళ్ళ సేటు వచ్చాడు. ఏడాదికి రెండుసార్లు వస్తాడు, కాగితం పొట్లాలు బల్ల నిండా పరుస్తాడు, తెలుగూ హిందీ కలిపి మాట్లాడతాడు. ఈసారి ఒక పొట్లం విప్పితే అందులో పది పన్నెండు రాళ్ళు. అన్నీ వంకర ఆకారాలే. అన్నిటికీ పైన రంగులు, కింద తుప్పు రంగు బండ.

"ఇవేంటి సేట్, అతుకు రాళ్ళు మోసుకొచ్చావు?" అన్నాను.

అతను నవ్వాడు. "అతుకు కాదు మాస్టర్‌జీ. ఆస్ట్రేలియా మాల్, అసలు సరుకు. బౌల్డర్ ఓపల్. అక్కడ ఇనుప రాయి పగుళ్ళలో ఓపల్ పుడుతుంది. పొర పలచన, విడిగా తీస్తే విరిగిపోతుంది. అందుకని అడుగు రాయితో కలిపే కోస్తారు. పక్కనుంచి చూడండి. గీత సీదాగా ఉంటే మనిషి పని. వంకరగా ఉంటే భూమి పని."

భూతద్దం తీశాను. పన్నెండు రాళ్ళూ పక్కకి తిప్పి చూశాను. పన్నెండింటికీ అదే గీత, అదే వంకర.  సేటు ఇంకా చెబుతూనే ఉన్నాడు. మీరడిగిన నాలుగు ముక్కలు అవే, ఇక్కడే చెప్పేస్తాను.

రాయిని ఒక్క కోణంలో చూసి కొనకండి. చేతిలో పట్టుకుని చుట్టూ తిప్పండి, కిటికీ దగ్గరా చూడండి, లైటు కిందా చూడండి. అన్ని వైపులకీ రంగు పలికేది మంచిది. ఒక్క వైపే మెరిసి మిగతా వైపులకి నల్లబడేదానికి అంత రేటు పెట్టనక్కర్లేదు. ఆకారం సొట్టగా ఉందని, మధ్యలో గోధుమరంగు మచ్చలున్నాయని తోసెయ్యకండి, ఆ జాతి అంతే. పగుళ్ళు మాత్రం వెతకండి. నల్లటి రాతి పలక మీద ఓపల్ పొర అతికించేది వేరే సరుకు, దాని అంచున గీత బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది, భూతద్దంలో ఒక్కోసారి జిగురు బుడగలు కూడా కనిపిస్తాయి. అది అమ్మడం తప్పు కాదు, అతుకని చెప్పకుండా అమ్మడం తప్పు. మనవాళ్ళు రాయి పెట్టుకునే ముందు రాత్రంతా పాలలోనో కొబ్బరినీళ్ళలోనో ఉంచుతారు. అతుకు రాయిని అలా నానబెడితే జిగురు మసకబారిపోతుంది, ముందే చెప్పండి. ఇక నిజమైన ఓపల్‌కి తడితో పేచీ లేదు. వేడితోనే పేచీ. పొదిగేటప్పుడు మంట తగలకూడదు, ఆవిరి తగలకూడదు. మరిగే నీళ్ళలో వేస్తే పగిలిపోతుంది.

ఆ చివరి మాట సేటు అనేసరికి వెండి కౌంటరు ఆవిడ తలెత్తి నా వైపు చూసింది.  సేటు వెళ్ళాక దగ్గరికి వచ్చి, "ఆవిడ వేసేసిందేమో మాస్టారూ," అంది.

ఆ పూటే జరిగిందంతా షావుకారు గారికి చెప్పాను. ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, తండ్రి తర్వాత కొట్టు చూసుకుంటున్నాడు.

"బాబాయ్ గారూ, జరిగిందేదో జరిగిపోయింది. ఇప్పుడు మీరెళ్ళి తప్పు చెప్పేనంటే, రేపు మనం ఏ రాయి చూపించినా ఎవరు నమ్ముతారండీ? ఆవిడ మళ్ళీ వస్తే అప్పుడు చూద్దారి," అన్నాడు.

ఆ మాట నాకు ఎంత హాయిగా తోచిందో చెప్పలేను. శ్రావణం వచ్చేసింది, పెళ్ళి బేరాలు, వరలక్ష్మి రూపులు, ఊపిరాడని పని. పని ఎక్కువైందని నాకు నేనే చెప్పుకుని మూడు వారాలు గడిపేశాను. వెండి కౌంటరు ఆవిడ మాత్రం దిద్దుల చీటీ తాలూకు నకలు వెతికి తీసి రోజూ పొద్దున్నే నా బల్ల మీద పెట్టేది. నేను సొరుగులో వేసేసేవాణ్ణి. మర్నాడు మళ్ళీ బల్ల మీద ఉండేది. ఆవిడ ఒక్కరోజు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఎదురు తిరిగి అరిచేవాణ్ణి, ఆ వీలు కూడా ఇవ్వలేదు.

చీటీ మీద ఉన్న నంబరు పలకలేదు. ఊరు మాత్రం ఉంది, అల్లవరం దగ్గర. ఒక ఆదివారం బస్సెక్కాను. అల్లవరంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. రెండు వైపులా రొయ్యల చెరువులు, వాటిలో గాలి కలిపే చక్రాలు తిరుగుతున్న చప్పుడు.  దారి పొడుగునా ఒకటే ఆశ, ఆవిడ ఆ రాయిని నీళ్ళలో వెయ్యకుండా పెట్టెలో పడేసి ఉంటుందని.

ఇల్లు అడుగుతూ వెళ్ళేసరికి ఆవిడ అప్పుడే ప్రార్థన నుంచి వచ్చినట్టుంది, తెల్లచీరతో అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి గబగబా లేచింది.

"మీరాండీ. ఇంత దూరం వచ్చేరేంటండీ. రండి, కూర్చోండి." కుర్చీ తుడిచి వేసింది, బొండం కొట్టించి ఇచ్చింది. నేను నోరు తెరిచేలోపే తనే అంది. "మీరు చెప్పిందే నిజమైందండీ. ఆ సాయంత్రమే నీళ్ళు మరిగించి వేసేను. టప్పుమని చప్పుడొచ్చింది. తీసి చూస్తే ఊడిపోయి ఉంది."

లోపలికెళ్ళి చిన్న స్టీలు డబ్బా తెచ్చింది. పారెయ్యలేదన్నమాట. మూత తీసి నా చేతిలో ఒంపింది. రంగు పొర మూడు ముక్కలు, ముక్కల నిండా వెంట్రుకల్లాంటి తెల్లటి పగుళ్ళు. అడుగు రాయి విడిగా ఉంది. భూతద్దం పెట్టి విరిగిన చోట చూశాను. జిగురు ఆనవాలు లేదు. బండరాయి లోపలికి కూడా నీలిరంగు సన్నటి నరాల్లా పాకి ఉంది. దాన్ని మనిషి అతికించలేడు.

"కువైట్‌లో పెద్దావిడ ప్రతి శుక్రవారం ఫోను చేసేవారండీ," అంది ఆవిడ, నా మొహం చూడకుండా. "ఆ రోజు నుంచి ఎత్తడం మానేసేను. ఎత్తి ఏం మాట్లాడాలండీ. ఇంకా చేస్తూనే ఉన్నారు. మొన్న శుక్రవారం కూడా చేసేరు. ఆవిడకి ఇంత నటన ఎందుకో అని నాకనిపిస్తుందండీ."

చెప్పకుండా వచ్చేయాలని ఆ క్షణంలో గట్టిగా అనిపించింది. సిగ్గుపడను, ఉన్నది చెబుతున్నాను. విరిగింది ఎలాగూ విరిగింది, ఆవిడకి నా మీద నమ్మకం పోలేదు, బొండం తాగి లేస్తే సరిపోతుంది. కానీ ఆ ముసలావిడ అక్కడెక్కడో కూర్చుని వారం వారం ఫోను చేస్తోందన్న మాట విన్నాక బొండం పక్కన పెట్టేశాను.

"అమ్మా, నేను తప్పు చెప్పాను," అన్నాను. "ఇది అతుకు కాదు. నిజమైన రాయి, మంచి జాతి రాయి. ఇలాంటిది నేను అప్పటికి చూడలేదు. చూడలేదని మీకు చెప్పలేదు. వేడికి పగిలింది కానీ జిగురు ఊడి కాదు. ఆవిడ మీకు మంచిదే ఇచ్చారు. పాడుచేసింది నేను."

ఆవిడ నా అరచేతిలో ముక్కల వైపే చూస్తూ కూర్చుంది.

"పెంకు కాదన్నమాట," అంది చివరికి.

"కాదమ్మా. ఈ పెద్ద ముక్కకి బంగారం కట్టించి ఇస్తాను. నా సొంతంగా చేయిస్తాను."

"వద్దండీ." ముక్కలు నా చేతిలోంచి తీసుకుని డబ్బాలో వేసి మూత పెట్టింది. తర్వాత ఫోను తీసింది.  రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఎవరో ఎత్తి ఇంకొకరికి ఇచ్చినట్టున్నారు. పెద్ద వయసు గొంతు, ఆనందమో కోపమో గట్టిగా వినిపించింది. ఈవిడ అరబ్బీలో ఏదో చెబుతోంది, మధ్యలో నవ్వుతోంది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను చూరు వంక చూస్తూ కూర్చున్నాను.

చివర్లో అవతలి గొంతు ఏదో అడిగింది. ఈవిడ చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. ఒక్క మాట అంది. అవతల మళ్ళీ అడిగారు. అదే మాట మళ్ళీ అని, ఫోను పెట్టేసింది.

ఊరుకోలేక అడిగాను, "ఏమన్నారమ్మా?"

"నా మీద కోపం లేదంటండీ. ఒంట్లో బాలేదేమో అని రోజూ ప్రార్థన చేసేరంట." కొంగు సర్దుకుంది. "మెడలో వేసుకున్నావా అని అడిగేరండీ. వేసుకున్నానని చెప్పేను."



"పదకొండేళ్ళండీ," అంది. "ఆ ఇంటి తాళాలన్నీ నా దగ్గరే ఉండేవి. ఒక్కరోజు ఆవిడతో ఒక్క అబద్ధం ఆడలేదండీ. ఇవ్వాళ ఆడించేరు మీరు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కాస్త తేలిగ్గా బస్సెక్కేవాణ్ణి.